పిన్నా, మేనత్తా?

మా మేనకోడలి కూతురు కాలిఫోర్నియాలో లా చదువుతోంది. పుట్టిందీ అక్కడే. తెలుగు బాగానే మాట్లాడుతుంది. రాయబోతే మాత్రం వానాకాలం గట్టు మీద నడిచినట్టు ప్రతి వాక్యమూ ఎక్కడో ఒక చోట జారుతుంది. ఏప్రిల్ ఆఖరులో రెండు పేజీల కాగితం ఒకటి ఫోనుకు పంపింది. సరిహద్దు దాటి అమెరికాకు వెళ్లి అక్కడి ప్రభుత్వం చేతిలో ఉండిపోయిన పిల్లలకు చట్టం ఏమేమి ఇవ్వాలంటుందో బంధువులకు అర్థమయ్యేలా చెప్పే కాగితం. ఇతర భాషల్లో ఎవరెవరో రాశారట, తెలుగు తన వంతు. "తాతయ్యా, ముప్పై ఏళ్లు కోర్టులో చేశారు కదా, తప్పులు దిద్ది పంపండి" అంది.

ముప్పై ఒకటి. అందులో పంతొమ్మిదేళ్లు బెంచి గుమాస్తాగా చేశాను. సాక్షి తెలుగులో చెబితే జడ్జిగారు ఇంగ్లీషులో చెప్పి టైపు చేయించేవారు. దాన్ని మళ్లీ తెలుగులో సాక్షికి చదివి వినిపించి సంతకం పెట్టించే పని నాది. ఇటు నుంచి అటు వెళ్లి తిరిగి వచ్చేసరికి మాట ఎంత చిక్కిపోతుందో నాకు బాగా తెలుసు.

గంట పని అనుకున్నది మూడు వారాలు పట్టింది. కాలువలు కట్టేసిన రోజులు గనుక తోటలోనూ పెద్దగా పని లేదు. కొబ్బరికి పట్టిన తెల్లదోమ గురించీ, పాత దస్తావేజుల భాష గురించీ చదువుదామని ఈ బ్లాగుకు వచ్చేవాళ్లు ఈసారికి ఓపిక పట్టాలి. ఇదీ మాటల సంగతే.

మొదటి వాక్యంలోనే 'కస్టడీ' ఉంది. దానికి మా పిల్ల 'సంరక్షణ' అని రాసింది. కొట్టేశాను. వేరే మాట దొరక్క మళ్లీ అదే రాశాను. మళ్లీ కొట్టేశాను. విడాకుల కేసులో బిడ్డ ఎవరి దగ్గర ఉండాలన్నదీ కస్టడీయే, దొంగను స్టేషనులో కూర్చోబెట్టడమూ కస్టడీయే. ఇంగ్లీషుకు చెల్లింది. మనకు మొదటిది సంరక్షణ, రెండోది నిర్బంధం. పోలీసు కాగితాల్లో అయితే 'అదుపులోకి తీసుకొని'. మరి ఈ పిల్లలది ఏది? చదువుతూ పోతే తేలింది, రెండూనట. సరిహద్దు దగ్గర పట్టుకున్నప్పుడు, సరిహద్దు కాపలా చూసే హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ కింద ఉంటారు. తోడు లేని పిల్లలైతే అక్కడి నుంచి ఆరోగ్య శాఖ కింద ఉండే శరణార్థుల పునరావాస కార్యాలయానికి అప్పగించాలి. 2002 నాటి చట్టం పిల్లల బాధ్యతను పట్టుకునే శాఖ నుంచి తప్పించి ఈ కార్యాలయానికి ఇచ్చింది. అసాధారణ పరిస్థితి ఉంటే తప్ప 72 గంటల్లో ఈ అప్పగింత జరిగిపోవాలని 2008లో వచ్చిన మరో చట్టం చెప్పింది. అందుకని అప్పగింతకు ముందు 'నిర్బంధం' అనీ, తర్వాత 'సంరక్షణ' అనీ రాశాను. రెండో మాట దగ్గర చెయ్యి కాస్త ఆగింది. అక్కడి నుంచి కూడా పిల్లవాడు తనంతట తాను బయటికి పోలేడు మరి.

తర్వాతది 'సెటిల్మెంట్'. మా వైపు రిజిస్ట్రారు ఆఫీసులో సెటిల్మెంటు అంటే తండ్రి కూతురికి పసుపు కుంకుమ కింద అరెకరం రాసివ్వడం. ఊళ్లో సెటిల్మెంటు అంటే నలుగురు తెల్లచొక్కాల వాళ్లు కూర్చుని స్థలం తగాదాలో ఇద్దరి దగ్గరా డబ్బు తీసుకోవడం. ఇలాంటి పిల్లల కేసు ఒకదానిలో వాళ్లు ఫ్లోరెస్ సెటిల్మెంట్ అంటున్నది మన కోర్టు భాషలో రాజీ డిక్రీ. ఇరుపక్షాలూ ఒప్పుకున్న షరతుల మీద కోర్టు ముద్ర వేస్తుంది, తర్వాత ఏ పక్షం తప్పినా అదే కోర్టు అడుగుతుంది. ఈ మాట మీద నాకు సందేహమే లేకపోయింది.

ఆ కేసు కథ మా పిల్ల నాలుగు లైన్లలో తేల్చేసింది. నాకు అది చాలలేదు, కూర్చుని చదివాను. 1985లో ఎల్ సాల్వడార్ నుంచి వచ్చిన పదిహేనేళ్ల ఫ్లోరెస్ అనే అమ్మాయిని అమెరికా వలస అధికారులు పట్టుకున్నారు. ఒకప్పుడు మోటెల్‌గా ఉన్న భవనంలో ముక్కూ మొహం తెలియని పెద్దవాళ్లతో కలిపి ఉంచారు. బట్టలు విప్పించి సోదా చేశారు. చదువు లేదు. కన్నవాళ్లకో చట్టం గుర్తించిన సంరక్షకులకో తప్ప ఇంకెవరికీ అప్పగించేది లేదన్నారు. తీసుకెళ్తానని ఆమె బంధువు ఒకావిడ ముందుకొచ్చినా ఒప్పుకోలేదు. లాస్ ఏంజెలెస్‌లో ఆ ఏడాదే పిల్లలందరి తరఫునా దావా పడింది. 1993లో సుప్రీంకోర్టు దాకా వెళ్లి, ఏడుగురు జడ్జీలు ఒకవైపు, ఇద్దరు మరోవైపు నిలవడంతో పిల్లల పక్షం ఓడిపోయింది. అయినా 1997లో ప్రభుత్వమే రాజీకి వచ్చి సంతకం పెట్టింది. పొలం గట్టు దావాల్లో పైకోర్టులో ఓడినవాడికి కింద రాజీలో ఎక్కువ దక్కడం నేను రెండు మూడుసార్లు చూశాను గనుక నాకిది వింతగా తోచలేదు.

తీసుకెళ్తానన్న ఆ బంధువును అసలు కాగితంలో 'ఆంట్' అన్నారు. మా పిల్ల 'అత్త' అని రాసింది. నా పెన్ను అక్కడ ఆగిపోయింది. అమ్మ చెల్లెలా, అమ్మ అక్కా, నాన్న తోబుట్టువా, మేనమామ భార్యా? పిన్ని అనాలా, పెద్దమ్మ అనాలా, మేనత్త అనాలా? నాకు దొరికిన కాగితాలన్నిటిలోనూ ఆంట్ అనే ఉంది. ఫోను చేసి అడిగితే "ఏదైనా ఒకటే కదా తాతయ్యా" అంది. పెళ్లి పందిట్లో పిన్ని కూర్చునే చోట మేనత్తను కూర్చోబెట్టి చూడమన్నాను.

నవ్వింది గానీ అది నవ్వులాటతో పోయేది కాదు. రాజీ డిక్రీలో ఒక వరుస ఉంది. పిల్లవాణ్ని అనవసరమైన జాప్యం లేకుండా విడిచిపెట్టాలి, ఎవరికి ఇవ్వాలన్నది ఈ క్రమంలో చూడాలి అని. ముందు తల్లి లేదా తండ్రి, తర్వాత చట్టబద్ధ సంరక్షకులు, ఆ తర్వాత పెద్దవాళ్లయిన బంధువులు. బంధువులంటే ఎవరో పేరు పేరునా రాశారు: అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, ఆంట్, అంకుల్, తాత, అమ్మమ్మ, నాయనమ్మ. పెదనాన్న కొడుకు ఆ వరుసలో లేడు. మన పిల్లవాడు అధికారి ముందు నిలబడి "మా అన్నయ్య ఉన్నాడు" అంటాడు. మన లెక్కకు పెదనాన్న కొడుకు అన్నయ్యే, అందులో అబద్ధం లేదు. అధికారి సొంత అన్న అని రాసుకుంటాడు. రేపు కాగితాలు చూస్తే తండ్రి పేరు వేరు. అప్పుడు పిల్లవాడు అబద్ధమాడినట్టవుతుంది, అన్నయ్య మోసగాడవుతాడు. కన్నవాళ్లు ఫలానావారికి ఇవ్వండని రాసిస్తే అలాంటి అన్నయ్యకూ దారి ఉంది, అదీ ఆ వరుసలోనే తర్వాత చోటు. కానీ మొదట రాసుకున్న మాట తప్పయితే అక్కడిదాకా రావడం కష్టం. "అన్నయ్య అంటే ఎవరి కొడుకో కూడా చెప్పండి" అని ఒక వాక్యం నా అంతట నేను చేర్చాను. ఆ రెండు పేజీల్లో నేను చేసిన పనికొచ్చే పని అదొక్కటే అనిపిస్తుంది.

'తోడు లేని పిల్లలు' అన్న మాట ఇంకా ఇబ్బంది పెట్టింది. పద్దెనిమిదేళ్లు నిండకూడదు, అక్కడ ఉండే హక్కు ఉండకూడదు, తల్లో తండ్రో చట్టబద్ధ సంరక్షకులో ఆ దేశంలో లేకపోవాలి, లేదా ఉన్నా చూసుకునే వీలు లేకపోవాలి. ఇదీ నిర్వచనం. అమ్మమ్మ చెయ్యి పట్టుకుని వచ్చిన బిడ్డ కూడా ఈ లెక్కన తోడు లేని బిడ్డే. మా వీధిలో నాలుగిళ్లలో తల్లులు కువైట్‌లో ఇంటిపనికి వెళ్లారు, పిల్లలు అమ్మమ్మల దగ్గర పెరుగుతున్నారు. బడిలో సంతకం అమ్మమ్మదే, జ్వరమొస్తే ఆసుపత్రికీ అమ్మమ్మే. కోర్టు కాగితం మాత్రం ఎవరి దగ్గరా లేదు. మన ఊళ్లో ఎవరూ అడగరు గనుక ఎవరూ తీసుకోలేదు.

2018లో అయితే కన్నవాళ్లతో కలిసి వచ్చిన పిల్లలే తోడు లేనివాళ్లయిపోయారు. సరిహద్దు దాటిన తల్లిదండ్రుల మీద నేరం మోపి జైలుకు పంపి, పిల్లల్ని వేరుచేసి ఆ పేరుతో నమోదు చేశారు. ఆ జూన్‌లో శాన్ డియేగో న్యాయమూర్తి డేనా సబ్రా, అయిదేళ్ల లోపు వాళ్లను 14 రోజుల్లో, మిగిలినవాళ్లను 30 రోజుల్లో కన్నవాళ్లతో కలపాలని ఆదేశించాడు. ఎవరి బిడ్డను ఎక్కడికి పంపారో రికార్డు సరిగా లేక ఆ కలపడమే పెద్ద పని అయింది. గుమాస్తాగా బతికినవాడికి ఆ వాక్యం చదివితే కడుపులో ఏదో తిరుగుతుంది.

నా సంగతి ఒకటి చెప్పాలి.

1997 మార్చి. అంతకు ముందు నవంబరు తుపానుకు కోర్టు ఆవరణలో కొబ్బరి చెట్లన్నీ మొండాలై నిలబడి ఉన్నాయి. బాలల సంక్షేమ మండలి లేని చోట్ల దిక్కులేని పిల్లల్ని మేజిస్ట్రేటు ముందుకే తెచ్చే రోజులవి. మధ్యాహ్నం మూడింటికి ఒక కానిస్టేబులు తొమ్మిదేళ్ల కుర్రాణ్ని తెచ్చాడు. నేటి ఉదయం తొమ్మిది గంటలకు బస్టాండు దగ్గర తిరుగుతుండగా కనబడినాడు అని కాగితం. రిజిస్టరులో నేను అదే రాసుకున్నాను. కుర్రాడికి తెలుగు రాదు. ఏమడిగినా కిందికి చూస్తూ కాళ్లు గీరుకుంటున్నాడు.

ఒరియా వాడని గుర్తుపట్టింది ముద్దాయిల బెంచీలో కూర్చున్న ఒక లారీ డ్రైవరు. అంబాజీపేట నుంచి కటక్‌కు కొబ్బరికాయల లోడు వేసుకుపోయేవాడు, కల్వర్టు గోడ కూల్చిన కేసులో వాయిదాకు వచ్చాడు. "నేను అడగనా అయ్యగారూ" అన్నాడు. జడ్జిగారు అతని చేత ప్రమాణం చేయించి దుబాసీగా నిలబెట్టారు. బలంగీర్ వైపు యాస, తనకు సగమే అర్థమవుతోందని డ్రైవరు ముందే చెప్పాడు. ఆ సగంలో తేలింది ఇది. తల్లీ తండ్రీ గోదావరి గట్టున ఇటుక బట్టీలో పని చేస్తున్నారు. సరదాకి ఇటుకల ట్రాక్టరు ఎక్కి ఊళ్లో దిగాడు. ట్రాక్టరు వెళ్లిపోయింది. అన్నం వేళకు పోలీసాయన పట్టుకున్నాడు.

"ఏ రోజు అన్నం వేళ?" అన్నారు జడ్జిగారు.

డ్రైవరు అడిగాడు. కుర్రాడు చెప్పింది విని మా వైపు తిరిగాడు. "నిన్నటిది అయ్యగారూ. రాత్రి వరండాలో పడుకున్నాడంట. దోమలంట."

జడ్జిగారు నన్ను ఏ టైము రాశారని అడిగారు. తొమ్మిది సార్ అన్నాను. కాగితంలో అలాగే ఉంది సార్ అని కూడా అన్నాను.

"పిల్లవాడి కాళ్లు చూశారా?"

అప్పుడు చూశాను. మోకాళ్ల నుంచి పాదాల దాకా దద్దుర్లు, కొన్ని గీరి గీరి పుండ్లయ్యాయి. మా లంకల్లో పుట్టి పెరిగినవాణ్ని, అవి ఒక రాత్రంతా కుట్టిన దోమకాట్లని ఎవరూ చెప్పనక్కరలేదు. అయినా నేను కాగితం చూసి రాశాను. పట్టుకున్న 24 గంటల్లోగా, ప్రయాణానికి పట్టే సమయం మినహా, ముందుంచాలని చట్టం. నిన్నటి అన్నం వేళ నుంచి లెక్కిస్తే మూడు గంటలు దాటింది. ఆ మూడు గంటల్ని కాగితం మీద మాయం చేసింది కానిస్టేబులు చెయ్యి ఒకటే అనుకుంటే నాకు సుఖంగానే ఉంటుంది. రిజిస్టరులో అంకె కొట్టివేసి, పైన సరైనది రాసి, పక్కన పొట్టి సంతకం పెట్టాను. సాయంత్రం తండ్రి వచ్చాడు. వేలిముద్ర వేసి కొడుకును తీసుకెళ్లాడు. స్టేషనుకు ఒక మెమో వెళ్లింది, దానికి జవాబు ఏమి వచ్చిందో నా దాకా రాలేదు. డ్రైవరు కేసు మరో వాయిదా పడింది.

ఆ ఏడాది జనవరిలోనే అక్కడ ఫ్లోరెస్ రాజీ కుదిరిందని ఇప్పుడు చదువుతుంటే తెలిసింది. అందులో ఎన్ని అంకెలో! మామూలు రోజుల్లో పిల్లవాణ్ని మూడు రోజుల్లో, కొన్ని చోట్ల అయిదు రోజుల్లో లైసెన్సు ఉన్న పిల్లల వసతికి మార్చాలి. ఒకేసారి 130 మందికి మించి వస్తే 'వెల్లువ'గా లెక్కించి కాస్త వెసులుబాటు. వసతిలో రోజుకు గంటసేపు ఒళ్లు అలిసే ఆట, ఇంకో గంట వేరే కాలక్షేపం, టీవీ చూసిన సమయం అందులో కలపకూడదు. సొంత బట్టలు వేసుకోవచ్చు, ఫోనులో ఒంటరిగా మాట్లాడుకోవచ్చు. టీవీ మాట రాయించిన ప్లీడరెవరో పిల్లలున్నవాడే అయ్యుండాలి. కన్నవాళ్లతో కలిసి పట్టుబడిన పిల్లలకు కూడా ఇదంతా వర్తిస్తుందని, ఆ డిక్రీ అమలు చూసే న్యాయమూర్తి డాలీ జీ 2015లో తేల్చింది. కుటుంబాలను 20 రోజులకు మించి ఉంచరాదన్న మాట ఆ తర్వాత వచ్చిందే.

రాయనివాటి సంగతి 2019లో బయటపడింది. 'క్షేమంగా, శుభ్రంగా' ఉంచాలని డిక్రీలో ఉంది గానీ సబ్బు, పళ్లు తోముకునే బ్రష్షు అని విడిగా లేవు కదా అని ప్రభుత్వ న్యాయవాది శాన్ ఫ్రాన్సిస్కో అప్పీళ్ల కోర్టులో వాదించింది. చలి గదుల్లో ఆరని లైట్ల కింద నిద్ర పట్టకపోవడం కూడా అందులోకి రాదన్నట్టే వాదన సాగింది. విన్న ముగ్గురు న్యాయమూర్తుల్లో ఒకరైన వాలెస్ తషిమా, రెండో ప్రపంచ యుద్ధకాలంలో జపాను మూలాలవాళ్లన్న కారణంతో కుటుంబంతో సహా అరిజోనాలోని పోస్టన్ శిబిరంలో బందీగా పెరిగినవాడు. ఆ వాదన ఆయన ఎదుట చేయాల్సి వచ్చింది. ఆగస్టులో అప్పీలు కొట్టేశారు.

ఇది రాస్తుంటే మన కేసు ఒకటి గుర్తొచ్చింది. ఆర్.డి. ఉపాధ్యాయ్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం, 2006. తల్లులతో జైళ్లలో ఉండే పిల్లల గురించి సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. ఆరేళ్లు వచ్చేదాకా తల్లి దగ్గర ఉండవచ్చు, తిండి, బట్ట, వైద్యం, చదువు, ఆట ఇవ్వాలి అంది. అన్నిటికన్నా నాకు నచ్చిన ముక్క వేరే ఉంది. జైల్లో బిడ్డ పుడితే జనన ధ్రువపత్రంలో పుట్టిన చోటు జైలని రాయకూడదు, ఆ పేట చిరునామా మాత్రమే రాయాలి. ఒక గడిలో ఏమి నింపాలో ఆలోచించిన జడ్జి ఉన్నాడంటే గుమాస్తాలకు గౌరవం కలుగుతుంది. 2015 నాటి మన బాలల న్యాయ చట్టంలోనూ బాలలు అంటే పద్దెనిమిదేళ్లు నిండని వ్యక్తి అని ఉంది. పౌరుడు అన్న మాట ఆ నిర్వచనంలో లేదు. అమలు సంగతి వేరే రోజు రాస్తాను, కోపం తగ్గాక.

"ఇప్పుడు ఆ ఫ్లోరెస్ డిక్రీ ఉందా, పోయిందా?" అని మా పిల్లను అడిగాను. ఆ షరతుల ప్రకారం ప్రభుత్వం తుది నిబంధనలు తెచ్చిన 45 రోజులకు డిక్రీ ముగిసిపోవాలని 2001లోనే రాసుకున్నారట. కాలువ మీద తాత్కాలికంగా వేసిన తాటిదుంగ వంతెన మీద రెండు తరాలు నడుస్తాయి చూడండి, అలా ఉండిపోయింది. 2024లో ఆరోగ్య శాఖ తన నిబంధనలు తెచ్చుకుంది గనుక ఆ శాఖ మేరకు చాలావరకు ఎత్తేశారు. సరిహద్దు శాఖకు మాత్రం మిగిలింది. 2025లో ప్రభుత్వం మొత్తం రద్దు చేయమని అడిగింది, ఆగస్టులో డాలీ జీ కాదంది. అందుకే కాగితం చివర తేదీ వేయమన్నాను. చట్టం గురించి తేదీ లేకుండా రాసిన కాగితం పాత వాయిదా పత్రం లాంటిది, దాన్ని నమ్ముకుని వెళ్తే కోర్టు తలుపు మూసి ఉంటుంది.

ఒక వాక్యం మాత్రం ఎంత తిప్పి రాసినా మెత్తబడలేదు. వలస కోర్టులో పిల్లవాడు న్యాయవాదిని పెట్టుకోవచ్చు, ప్రభుత్వ ఖర్చుతో పెట్టించుకునే హక్కు మాత్రం లేదు. వీలైనంతవరకు న్యాయవాది దొరికేలా చూడమని 2008 చట్టం ఆరోగ్య శాఖకు చెప్పింది. 'వీలైనంతవరకు' అంటే ఎంతో ఏ గుమాస్తాను అడిగినా చెబుతాడు. జేబుదొంగకు కూడా ప్లీడరును పెట్టే కోర్టులో పనిచేసిన నాకు, ప్రభుత్వ లాయరుకు ఎదురుగా ఆరేళ్ల పిల్ల ఒక్కతీ కూర్చోవడం తెలుగులో రాస్తుంటే తప్పు అనువదిస్తున్నానేమో అనిపించింది. రెండుసార్లు అడిగాను. సరిగానే ఉందంది.

చివర్లో ఇంకో వాక్యం నా సొంతానికి చేర్చాను. "నిన్ను ఏ రోజు, ఏ పూట పట్టుకున్నారో గుర్తుపెట్టుకో, అడిగినవాళ్లకు చెప్పు."

నిన్న రాత్రి ఫోను చేసింది. అంతా బాగుందట, ఆ వాక్యం ఒక్కటీ కుదరదట. ఆ గదుల్లో లైట్లు ఆర్పరు, కిటికీ ఉండదు, పగలో రాత్రో పిల్లలకు తెలియదు, రోజులు ఎలా లెక్కపెడతారు తాతయ్యా అంది. కాసేపు ఇద్దరం ఊరుకున్నాం. కాలువలు వదిలినట్టున్నారు, పెరటి వైపు నీళ్ల చప్పుడు వస్తోంది. "ఎన్నిసార్లు అన్నం పెట్టారో లెక్కపెట్టుకో అని రాయి" అన్నాను.

"అన్నం అనా, భోజనం అనా? అక్కడ అన్నం పెట్టరు తాతయ్యా."

అన్నం అనే ఉంచమన్నాను. పిన్నో మేనత్తో మాత్రం ఇంకా తేలలేదు.